ఫిరంగి వదిలి భూమి నాడి పట్టినవాడు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ ప్రసంగానికి "యుద్ధవీరుడు చమురు వేటగాడైన కథ" అని పేరు పెడదామన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకంటే నేను చెప్పబోయే మనిషి వీరుడని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. యుద్ధానికి వెళ్లాడు, ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశాడు, బతికి వచ్చాడు. వచ్చాక అంతకుముందు సగంలో ఆపేసిన పని మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పని వల్లే ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఆయిల్ బావి తవ్వినా, అందులోకి ఒక తీగ దింపి కొలతలు తీసుకోకుండా ముందుకు పోరు. పేరు కాన్రాడ్ ష్లుంబర్జే. ఆ పేరు పలకడం కష్టమని నాకు తెలుసు, ఇన్నేళ్లుగా ఈ రంగంలో ఉన్నవాళ్లు కూడా నాలుగు రకాలుగా పలుకుతారు, మీకు ఎలా వస్తే అలా అనుకోండి. (నవ్వులు)

ఆయన దగ్గరికి వెళ్లేముందు కాసేపు పక్కదారి పట్టాలి. ఎందుకంటే సైన్యంలోంచి చమురు రంగంలోకి వచ్చిన జియోఫిజిసిస్ట్, అంటే భూమి లోపల ఏముందో పైనుంచి కొలతలతో తెలుసుకునేవాడు, అనగానే తెలిసినవాళ్ల మనసులోకి వచ్చేది ఈయన కథ కాదు, ఫిరంగి చప్పుడు కథ. అది కూడా మంచి కథే, చెప్పకుండా వదలబుద్ధి కావడం లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో పెద్ద సమస్య ఏమిటంటే, శత్రువు ఫిరంగి కంటికి కనపడదు. కొండ వెనక, చెట్ల వెనక, ఐదారు మైళ్ల దూరంలో ఎక్కడో ఉంటుంది. గుండు మాత్రం మన కందకంలో పడుతుంది. మరి ఆ ఫిరంగి ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? చప్పుడును బట్టి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక వరసలో మైక్రోఫోన్లు పెట్టారనుకోండి. ఒక మైక్రోఫోన్‌కు చప్పుడు ముందు చేరింది, ఇంకోదానికి అర సెకను ఆలస్యంగా చేరింది. అంటే ఫిరంగి మొదటిదానికి 170 మీటర్లు దగ్గరగా ఉందన్నమాట. అది ఒక్కటే చాలదు, ఆ లెక్కకు సరిపోయే చోట్లన్నీ కలిపితే మ్యాప్ మీద ఒక వంపు గీత వస్తుంది. ఇంకో జత మైక్రోఫోన్లతో ఇంకో గీత. రెండూ ఎక్కడ కలిస్తే ఫిరంగి అక్కడ.

చెప్పడానికి ఇంతే. చేయబోతే మైక్రోఫోన్లు సహకరించలేదు. గుండు గాల్లో ధ్వని కంటే వేగంగా దూసుకొచ్చేటప్పుడు కొరడా ఝళిపించినట్టు ఒక చప్పుడు వస్తుంది, మామూలు మైక్రోఫోన్ అది బ్రహ్మాండంగా పట్టుకునేది. కావలసింది అది కాదు కదా, ఫిరంగి నోట్లోంచి వచ్చే 'ధమ్' అనే బొంగురు చప్పుడు కావాలి. అది చెవికి కూడా సరిగా వినపడదు, ఒంటికి తగులుతుంది. బ్రిటిష్ సైన్యంలో ఈ పని అప్పగించింది లారెన్స్ బ్రాగ్ అనే కుర్రాడికి. కుర్రాడంటే 25 ఏళ్లవాడు, ఆ 1915లోనే ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ కబురు యుద్ధరంగంలో ఉండగానే అందింది. అదే ఏడాది తమ్ముడు టర్కీలోని గల్లిపొలి యుద్ధంలో చనిపోయాడు. ఈ రెండూ ఒక్క ఏడాదిలోనే.

ఈ బ్రాగ్ గారికి ఆధారం ఎక్కడ దొరికిందంటే, మరుగుదొడ్డిలో. నిజంగానే. చిన్న గది, తలుపు వేసి కూర్చున్నాడు, దగ్గరలో బ్రిటిష్ ఫిరంగి పేలినప్పుడల్లా తనను కిందినుంచి ఎవరో కాస్త ఎత్తినట్టు అనిపించేది. చప్పుడు సంగతి సరే, గాలి ఒత్తిడిలో తేడా బలంగా ఉంది. దాన్ని పట్టుకునే పరికరం కావాలి. ఆ దళంలోనే టక్కర్ అని ఫిజిక్స్ చదువుకున్నతను ఒకడు ఉండేవాడు. అతను పడుకునే షెడ్డు గోడకు చిన్న చిన్న చిల్లులు, ఫిరంగి పేలినప్పుడల్లా వాటిలోంచి మొహం మీదికి చల్లగాలి కొట్టేది. ఈ రెండు అనుభవాలూ కలిపితే వచ్చింది వేడి తీగ మైక్రోఫోన్. చిల్లు ఉన్న ఒక డబ్బా, ఆ చిల్లుకు అడ్డంగా కరెంటుతో వేడెక్కిన సన్న తీగ. ఫిరంగి ఒత్తిడి అల రాగానే చిల్లులోంచి గాలి కదులుతుంది, తీగ చల్లబడుతుంది, దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మారుతుంది. 1916లో ఇది పనిచేసింది. ఆ నిరోధం అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

అటు జర్మన్ల వైపు లుడ్గర్ మిన్‌ట్రాప్ అనే ఆయన ఉన్నాడు. గనుల సర్వేయరు. యుద్ధానికి ముందే, 1908లో, గోటింగెన్‌లో నాలుగు టన్నుల ఉక్కు బంతిని 14 మీటర్ల ఎత్తునుంచి నేల మీద పడేసి, ఆ అదురును దూరంగా పెట్టిన యంత్రంతో రికార్డు చేసినవాడు. పిల్లలాటలా ఉంది కదా? యుద్ధంలో ఆ యంత్రాలనే ఫిరంగుల జాడ తీయడానికి వాడే పని చేశాడు. యుద్ధం అయిపోయాక, 1919లో, అదే లెక్కను తిరగేసి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఫిరంగి ఎక్కడుందో తెలియనప్పుడు నేల సంగతి ఊహించుకుని ఫిరంగిని వెతికాం, ఇప్పుడు పేలుడు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు, కాబట్టి నేల సంగతి వెతుకుతాను అని. 1921లో కంపెనీ పెట్టాడు, 1924లో వాళ్ల బృందం టెక్సాస్‌లో నేల కింద ఉన్న ఉప్పు గుమ్మటాన్ని పట్టుకుంది, దానికీ చమురుకూ సంబంధం ఏమిటో తర్వాత చెబుతాను.

అమెరికాలో క్లారెన్స్ కార్చర్. ఈయన కందకాల్లో లేడు, యుద్ధకాలంలో ప్రభుత్వ ప్రయోగశాలలో ఫిరంగుల చప్పుడు మీద పరిశోధన చేశాడు. చప్పుడు గాలిలోంచే కాదు, నేలలోంచి కూడా వస్తోందని గమనించాడు. నేలలో దిగిన అల కింద ఏదో గట్టి రాయికి తగిలి వెనక్కి రావాలి కదా అని ఆలోచించాడు. 1921 ఆగస్టు 9న ఓక్లహోమాలో ఆర్బకిల్ కొండల దగ్గర వైన్స్ బ్రాంచ్ అనే చోట డైనమైట్ పేల్చి ఆ ప్రతిధ్వనితో కింది రాతి పొరల బొమ్మ గీశాడు. లెక్క చాలా చిన్నది. పేల్చిన ఒక సెకనుకు ప్రతిధ్వని వచ్చింది, ఆ రాతిలో అల వేగం సెకనుకు 2500 మీటర్లు అనుకుందాం, వెళ్లడానికి అర సెకను, రావడానికి అర సెకను, కాబట్టి పొర 1250 మీటర్ల లోతులో ఉంది. అంతే. ఇవాళ కంప్యూటర్లు నిండిన ఓడలు సముద్రం మీద చేసేది కూడా మూలంలో ఇదే. కార్చర్ తర్వాత 1930లో పెట్టిన కంపెనీని 1941 డిసెంబర్ 6న నలుగురు కొనుక్కున్నారు, మర్నాడే పెర్ల్ హార్బర్. వాళ్లు యుద్ధంలో ఎలక్ట్రానిక్స్ తయారుచేయడం నేర్చుకున్నారు, 1951కి ఆ కంపెనీ పేరు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది. మీలో చాలామంది కాలిక్యులేటర్ల మీద చూసిన పేరే.

ఈ కథలన్నీ వింటే ఒక మాట అనాలనిపిస్తుంది. యుద్ధం లేకపోతే సైన్స్ ఇంత ముందుకు వచ్చేది కాదు అని. సభల్లో చాలామంది అంటారు, గట్టిగా చప్పట్లు కూడా పడతాయి. నాకు ఆ మాట మీద గురి లేదు. అందుకే ఇవాళ కాన్రాడ్ ష్లుంబర్జేను ఎంచుకున్నాను. ఎందుకంటే ఆయన యుద్ధంలోంచి ఇంటికి ఏమీ పట్టుకురాలేదు. యుద్ధం ఆయన దగ్గర్నుంచి ఐదేళ్లు పట్టుకుపోయింది.

1878లో పుట్టాడు, అల్సాస్‌లో గెబ్‌విల్లర్ అనే ఊళ్లో. అల్సాస్ అంటే ఫ్రాన్స్‌కూ జర్మనీకీ మధ్య నలిగిన నేల. 1871లో జర్మనీ లాక్కుంది. అంటే ఈయన పుట్టేనాటికి ఆ ఊరు జర్మన్ సామ్రాజ్యంలో ఉంది, ఇంట్లో వాళ్లు మాత్రం ఫ్రెంచివాళ్లమే అనుకుంటున్నారు. బట్టల మిల్లుల కుటుంబం, డబ్బుకు లోటు లేదు. తర్వాత కుటుంబం పారిస్ చేరింది. కాన్రాడ్ అక్కడ ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివి, గనుల ఇంజినీరై, 1907లో పారిస్‌లోని గనుల కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. అన్నయ్య జాన్ రచయిత, తమ్ముళ్లలో మార్సెల్ ఇంజినీరు. ఈ మార్సెల్ ముఖ్యం, ముందు ముందు వస్తాడు.

ప్రొఫెసర్ గారి బుర్రలో పురుగు ఏమిటంటే, గని తవ్వేముందు కింద ఏముందో తెలుసుకోలేమా అని. అప్పటికి ఉన్న పద్ధతి ఏమిటి? తవ్వి చూడటం. ఉంటే ఉంది, లేకపోతే డబ్బు పోయింది. ఈయన ఆలోచన, రాళ్లన్నీ కరెంటును ఒకేలా పోనివ్వవు కదా, లోహపు ఖనిజం బాగా పోనిస్తుంది, మామూలు రాయి పోనివ్వదు, మరి నేలలోకి కరెంటు పంపి పైన వోల్టేజీ కొలిస్తే? 1911 ప్రాంతంలో కాలేజీ నేలమాళిగలో ఒక స్నానపు తొట్టిలో ఇసుక పోసి, అందులో లోహం పాతిపెట్టి, పైన తీగలతో కొలుస్తూ కూర్చున్నాడు. తొట్టిలో పనిచేసింది. 1912లో నార్మండీలో వాళ్ల కుటుంబ ఎస్టేటు వాల్-రిషేలో నిజమైన నేల మీద చేశాడు.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మొత్తం కథకు వేరు ఇక్కడే ఉంది. రెండు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టారు, మధ్య చాలా దూరం. ఒకదాంట్లోంచి కరెంటు లోపలికి, ఇంకోదాంట్లోంచి బయటికి. ఇప్పుడు ఇంకో రెండు కొలత ఎలక్ట్రోడ్లతో పొలమంతా తిరగాలి, వోల్టేజీ ఎక్కడెక్కడ సమానంగా ఉందో వెతుక్కుంటూ. సమానంగా ఉన్న చోట్లన్నీ మ్యాప్ మీద కలిపితే గీతలు వస్తాయి. కింద అంతా ఒకటే రకం నేల అయితే ఆ గీతలు పద్ధతిగా ఉంటాయి. కింద ఏదైనా తేడా ఉంటే అక్కడ గీత వంకరపోతుంది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మామూలు లోహపు కడ్డీని తడి నేలలో గుచ్చితే అదే చిన్న బ్యాటరీలా ప్రవర్తించి తన సొంత వోల్టేజీ ఇస్తుంది, కొలత పాడవుతుంది. అందుకని కాన్రాడ్ వాడింది మట్టి కుండ లాంటి ఒక పాత్ర. అందులో మైలతుత్తం ద్రావణం, దాంట్లో రాగి కడ్డీ. కుండ సన్నగా చెమరుస్తుంది కాబట్టి నేలకు తగులుతుంది, కానీ అల్లరి చేయదు. ఈ కుండ ఇప్పటికీ సర్వేల్లో వాడుతున్నారు.

1913లో సెర్బియాలోని బోర్ దగ్గర నేల మీద వోల్టేజీ కొలతలతోనే రాగి ఖనిజం జాడ కనిపెట్టాడు. తొట్టిలో మొదలుపెట్టిన రెండేళ్లకే ఇది. మంచి ఊపు మీద ఉన్నాడు. 1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది.

ఇక్కడ చాలామంది ప్రసంగకర్తలు ఫిరంగులు పేలుస్తారు. నేను పేల్చను. ఆయన ఫిరంగి దళంలో పనిచేశాడు, తమ్ముడు మార్సెల్ కూడా యుద్ధంలో ఉన్నాడు. ఆయన పుట్టిన గెబ్‌విల్లర్ పక్కనే హార్ట్‌మాన్స్‌విల్లర్‌కోఫ్ అనే కొండ ఉంది, 1915లో ఆ కొండ కోసం ఫ్రెంచివాళ్లు, జర్మన్లు ఎంతమంది చచ్చారో, ఎన్నిసార్లు గెలిచి ఓడారో. మొత్తం యుద్ధంలో సుమారు 13, 14 లక్షల మంది ఫ్రెంచ్ సైనికులు చనిపోయారు. పాలిటెక్నిక్‌లో చదివినవాళ్లను ఫిరంగి దళానికి పంపడం మామూలే, లెక్కలు వచ్చు కాబట్టి. గుండు ఎక్కడ పడాలో లెక్క కట్టడం వాళ్ల పని. ఒక్క మాట ఆలోచించండి. నేల కింద ఏముందో కరెంటుతో మెల్లగా, తవ్వకుండా, ముట్టుకోకుండా తెలుసుకోవాలని తపించే మనిషి నాలుగేళ్ల పాటు అదే నేలను తలకిందులు చేసే పనిలో ఉన్నాడు. ఆ పరిశోధన అక్కడే ఆగిపోయింది.

తిరిగి వచ్చాక యుద్ధమంటే ఏవగింపు పట్టుకుంది ఆయనకు, శాంతివాది అయ్యాడు, సోషలిస్టు ఆలోచనల వైపు మొగ్గాడు. మిల్లుల కుటుంబంలో పుట్టినవాడికి అది తేలికైన సంగతేం కాదు.

ఇక్కడ నాకు బాగా నచ్చే ఒక కాగితం ఉంది. 1919 నవంబర్ 12. యుద్ధ విరమణ జరిగి సరిగ్గా ఏడాది మీద ఒక్కరోజు. తండ్రి పాల్ ష్లుంబర్జే, కొడుకులు కాన్రాడ్, మార్సెల్ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. ఈ పరిశోధనకు తండ్రి ఐదు లక్షల ఫ్రాంకుల దాకా ఇస్తాడు. షరతు ఏమిటంటే, డబ్బు లాభం కంటే సైన్స్ ప్రయోజనం ముందు ఉండాలి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం, పైగా వడ్డీ మాట కాదు, వాటా మాట కాదు, ముందుగా చెప్పింది ఇది. కొడుకు స్టార్టప్ పెడతానంటే ఇలా రాసిచ్చే నాన్నలు మీకు ఎవరికైనా ఉంటే చేతులెత్తండి. (నవ్వులు) ఎవరూ లేరు. నాకూ లేరు.

అన్నదమ్ముల పొత్తు కుదిరింది. కాన్రాడ్‌ది ఆలోచన, మార్సెల్‌ది చేయి. కాన్రాడ్ కాగితం మీద గీసింది బురదలో, వానలో పనిచేసే పెట్టెగా మార్చడం మార్సెల్ పని. 1923లో కాన్రాడ్ ప్రొఫెసర్ ఉద్యోగం మానేశాడు. అదే ఏడాది రుమేనియాలో ప్లోయెష్టి దగ్గర అరిచేష్టిలో ఒక ఉప్పు గుమ్మటం ఆకారాన్ని నేలపైనుంచే కరెంటు కొలతలతో గీశారు. ఉప్పు గుమ్మటానికీ చమురుకూ సంబంధం ఏమిటి అంటారా, లోతులోంచి ఉప్పు పైకి పొడుచుకొచ్చినప్పుడు చుట్టూ ఉన్న పొరలను ఎత్తేస్తుంది, ఆ ఎత్తిన అంచుల కింద చమురు చేరి ఆగుతుంది. రాగి వెతికేవాళ్లు చమురు దారిలోకి వచ్చింది ఇలా. 1926లో కంపెనీ పెట్టారు.

కానీ వ్యాపారం బొటాబొటిగా నడిచేది. పైనుంచి కొలిస్తే లోతుకు పోయేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. మరి కొలతనే లోపలికి దింపితే? ఎలాగూ కంపెనీలు బావులు తవ్వుతున్నాయి, వెయ్యి మీటర్లు తవ్వినా దారిలో ఏ రాయి తగిలిందో సరిగా తెలియడం లేదు. తెలియాలంటే కోర్ తీయాలి, అంటే డ్రిల్లింగ్ ఆపి రాతి ముక్కను దిమ్మలా కోసి పైకి తేవాలి. దానికి టైమ్, డబ్బు, సగం సార్లు ముక్క మధ్యలోనే విరిగిపోతుంది. అందుకే ఫ్రెంచివాళ్లు ఈ కొత్త పద్ధతికి పెట్టిన పేరు "ఎలక్ట్రికల్ కోరింగ్", కరెంటుతో కోర్ తీయడం.

మొదటి ప్రయత్నం ఎక్కడ జరిగిందో చూడండి. పెషెల్‌బ్రాన్. అల్సాస్‌లో. ఆయన పుట్టినప్పుడు జర్మనీలో ఉన్న నేల, ఆయన సైన్యం గెలిచాక ఫ్రాన్స్‌కు తిరిగొచ్చిన నేల. యూరప్‌లోకెల్లా పాత చమురు క్షేత్రాల్లో ఒకటి, అక్కడ నీటి ఊటల మీద నూనె తేలేదని కొన్ని వందల ఏళ్లుగా జనానికి తెలుసు. 1927 సెప్టెంబర్ 5. బావి లోతు సుమారు 500 మీటర్లు. వెళ్లింది కాన్రాడ్ అల్లుడు ఆన్రీ డాల్, 25 ఏళ్లవాడు, ఇంకో ఇద్దరు సహాయకులు.

ఆ సరంజామా చూస్తే నవ్వొస్తుంది. బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు, వాటి మీద ఎలక్ట్రోడ్లు, కింద బరువు. పైకి రబ్బరు తొడుగు తీగలు కలిపి టేపు చుట్టిన కేబుల్. చేత్తో తిప్పే వించి. ఇప్పుడు పని ఇలా సాగింది. పరికరాన్ని ఒక లోతుకు దించి ఆపుతారు. కరెంటు పంపుతారు. పైన డాల్ వోల్టేజీ కొలిచే పొటెన్షియోమీటర్ మీద మీట తిప్పుతూ ఉంటాడు, ముల్లు సున్నా మీద నిలబడేదాకా. నిలబడగానే అంకె చదువుతాడు, పుస్తకంలో రాసుకుంటాడు. ఒక మీటరు జరుపుతారు. ఆపుతారు. మళ్లీ కరెంటు, మళ్లీ మీట, మళ్లీ ముల్లు. మళ్లీ ఒక మీటరు. గంటకు 50 మీటర్లు సాగితే గొప్ప. అలా ఓ 140 మీటర్ల మేర కొలిచి, ఆ అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి చేత్తో కలిపారు. ఆ వంకర గీతే ప్రపంచంలో మొదటి వెల్ లాగ్, అంటే బావి లోతు వెంట తీసిన కొలతల పటం.

ఆ గీత ఏం చెబుతుంది? రాతి రేణువులు కరెంటును పోనివ్వవు, రేణువుల సందుల్లో ఉన్న ఉప్పునీరు పోనిస్తుంది. ఇసుకరాయి సందుల్లో ఉప్పునీరుంటే నిరోధకత, అంటే రాయి కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఒకటో రెండో ఓమ్-మీటర్లుంటుంది. అదే సందుల్లో నీళ్లను తోసేసి చమురు కూర్చుంటే, చమురు కరెంటును పోనివ్వదు కాబట్టి గీత ఒక్కసారిగా కుడివైపుకు పరిగెత్తుతుంది, పదుల్లోకి, వందల్లోకి. ఇంకో రకంగానూ పరిగెత్తవచ్చు, సందులే లేని గట్టి సున్నపురాయి వచ్చినా అంతే. మోసపోయేది అక్కడే. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక లాగ్ మీద గీత అలా పొడుచుకు రావడం చూసి, చమురు దొరికేసిందని మా సీనియర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు కూడా తీయకుండా "రాయి నాయనా" అన్నారు. అంతే, తిరిగి తన పనిలో పడిపోయారు.

ఆ తికమక తీరడానికి కూడా దారి ఆ బావుల్లోనే దొరికింది. కరెంటు పంపకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా బావిలో చిన్న వోల్టేజీ ఉండేది. మొదట్లో దాన్ని పీడ అనుకున్నారు, ప్రతిసారీ సర్దుబాటు చేసి తీసేసేవారు. తీసేయగా తీసేయగా ఎవరికో అనుమానం వచ్చింది, ఇది ప్రతి బావిలోనూ ఇసుక పొరల దగ్గరే ఎందుకు మారుతోంది అని. బావిలోని మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో నింపే బురద ద్రవం, అందులోని నీటికీ, పొరలోని ఉప్పునీటికీ ఉప్పదనంలో తేడా ఉంటుంది, ద్రవం కదలగలిగిన పొర ఉన్నచోట ఆ తేడా చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అంటే సందులున్న రాయి ఏదో, గట్టి రాయి ఏదో ఇది చెబుతోంది. 1931 నుంచి దాన్నీ కలిపి గీయడం మొదలుపెట్టారు. చెత్త అనుకుని పారేసిన అంకె ఇప్పుడు లాగ్ కాగితంలో ఎడమవైపు మొదటి గీత.

1929లో వెనిజులా, అమెరికా, సోవియట్ యూనియన్, ఆ వెంటనే డచ్ ఈస్ట్ ఇండీస్. అన్నిచోట్లా ఎర్ర తివాచీ పరవలేదు లెండి. అమెరికాలో మొదటి విడత నడవలేదు, మాంద్యం దెబ్బకు వెనక్కి వచ్చేశారు, మళ్లీ 1932లో వెళ్లారు. సోవియట్ యూనియన్‌లో మాత్రం గ్రోజ్నీలో, బాకూలో పని బాగా సాగింది, కాన్రాడ్‌కు అక్కడి ప్రయోగం మీద అభిమానం కూడా ఉండేది. పెట్టుబడిదారు కొడుకు, మాజీ ఫిరంగి అధికారి, శాంతివాది, సోవియట్ చమురుకు కరెంటు కొలతలు తీసిచ్చేవాడు, ఒక్క మనిషే ఇవన్నీ. 1936 మేలో అక్కడినుంచి తిరిగొస్తూ స్టాక్‌హోమ్‌లో చనిపోయాడు. 57 ఏళ్లు. కంపెనీ భారం మార్సెల్ మీద పడింది.

ఇక్కడితో ఆపేస్తే నా వాదన గట్టిగా నిలబడుతుంది. యుద్ధం ఈయనకు ఏమీ ఇవ్వలేదు, ఐదేళ్లు తినేసింది అని చెప్పి కూర్చోవచ్చు. కానీ మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది, ఎందుకంటే అల్లుడి కథ మిగిలే ఉంది.

ఆన్రీ డాల్. రెండో ప్రపంచయుద్ధం రాగానే ఇతన్నీ సైన్యంలోకి పిలిచారు. యుద్ధం రోజుల్లోనే అమెరికా చేరాడు. అక్కడ మందుపాతరలు పట్టుకునే యంత్రం మీద పనిచేశాడు. ట్యాంకు దారిలో పాతిన మందుపాతరను, జీపు ముందు అమర్చిన తీగచుట్టలు పసిగట్టి, బండిని ఆపేసేలా. ఎలాగంటే, ఒక చుట్టలో మారే కరెంటు పంపితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, ఆ క్షేత్రం నేలలోని లోహంలో సుడి కరెంటు పుట్టిస్తుంది, ఆ సుడి కరెంటు జాడ ఇంకో చుట్టలో తెలుస్తుంది. నేలను ముట్టుకోనక్కర్లేదు.

ముట్టుకోనక్కర్లేదు, అదే కావలసింది. అప్పటికి బావుల్లో ఒక తలనొప్పి ఉండేది. కొన్ని బావుల్లో నీటి మడ్ బదులు నూనె కలిపిన మడ్ వాడతారు. నూనెలో కరెంటు పోదు. మామగారి పద్ధతిలో ఎలక్ట్రోడ్ల నుంచి కరెంటు రాతిదాకా చేరాలంటే మధ్యలో మడ్ దాటాలి కదా, దాటలేదు, కొలత లేదు. డాల్ మందుపాతర యంత్రాన్ని నిలువునా బావిలోకి దించాడు. అక్కడ వెతికింది లోహం, ఇక్కడ కొలిచింది రాతిలోని ఉప్పునీరు. చుట్టలు అవే, లెక్క అదే. 1949లో దాని మీద వ్యాసం ప్రచురించాడు, ఇండక్షన్ లాగ్ అంటే ఇదే, ఇప్పటికీ రోజూ నడుస్తోంది.

అంటే మామకు యుద్ధం అడ్డుపడింది, అల్లుడికి పనిముట్టు ఇచ్చింది. దీన్ని ఎలా కలిపి చెప్పాలో నాకు తెలియదు, కలపాలని కూడా అనిపించడం లేదు. ఒక్కటి మాత్రం అంటాను. డాల్ చేతికి ఆ చుట్టలు వచ్చేనాటికి, బావిలో దిగి రాతి నిరోధకత కొలవాలన్న ప్రశ్న 15 ఏళ్లుగా సిద్ధంగా ఉంది, దాన్ని వేసింది స్నానపు తొట్టిలో ఇసుక పోసుకున్న ప్రొఫెసరు. ప్రశ్న లేకపోతే జీపు ముందు చుట్టలు జీపు ముందే ఉండిపోయేవి.

గడియారం చూపిస్తున్నారు. తెర మీద చివరి బొమ్మ పెడతాను, అది కాస్త మసకగా ఉంది, ఫోకస్ చేస్తారా? ఆ... ఇదీ, 1927 నాటి పెషెల్‌బ్రాన్ లాగ్. చూడండి, మీటరుకొక చుక్క, ఎక్కడా వంపు నున్నగా లేదు, చేత్తో కలిపారు కాబట్టి మెట్లు మెట్లుగా ఉంది. ఆ మధ్యలో ఎత్తుగా లేచినచోట ఏ రాయో ఎవరైనా చెప్పగలరా? మూడో వరసలో అమ్మాయి చేయెత్తింది, మైకు అటు ఇవ్వండి.